పక్క మార్చు, గుర్తు మార్చు, మర్చిపో

ఎనిమిదో తరగతి చదివే మా అక్క కూతురు మొన్న ఏకచరరాశి రేఖీయ సమీకరణాల పాఠం తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, ఈ 12 అటుపక్కకు పోతే మైనస్ ఎందుకైతాది?" అంది. "రూలు, అంతే" అన్నాను. నన్నూ ఒకప్పుడు ఈ మాటతోనే కూర్చోబెట్టారు. అనంతపురంలో మా తరం లెక్కలు నేర్చుకున్న పద్ధతి చెక్కుచెదరకుండా తర్వాతి తరానికి అందాలి కదా! అందుకే ఈ సూచనలు.

ఒకటి. లెక్క చదవొద్దు. సెనక్కాయల్లో రాళ్లు ఏరినట్టు అంకెలు ఏరుకోండి. "మొత్తం" కనబడితే కూడండి, "మిగిలింది" కనబడితే తీసేయండి.

రెండు. x అంటే ఏమిటని అడగనివ్వొద్దు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన గ్రంథభాగానికి బీజగణితమని పేరు పెట్టాడు. బీజమంటే విత్తనం. విత్తనం వేసి, ఎంత పండుతుందో తెలియక ఆకాశం వైపు చూడటం మా జిల్లాకు ఎవరూ నేర్పక్కర్లేదు. x కూడా అంతే: ఉంది, ఎంతో తెలియదు. కానీ ఇట్లా చెబితే పిల్లలకు అర్థమైపోయే ప్రమాదముంది. "x అంటే x" అనేయండి.

మూడు. పక్షాంతరం. నాకు ప్రాణప్రదమైన సూచన ఇది. 3x + 12 = 132 అని ఉందనుకోండి. సమాన గుర్తు రాష్ట్ర సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు లాంటిదని చెప్పండి. దాటే అంకె చొక్కా మార్చుకోవాలి, ప్లస్ వేసుకున్నవాడు మైనస్ వేసుకోవాలి. "12 యాడికి పోయింది సార్?" అని ఎవడైనా లేస్తే, యాడికి మన జిల్లాలోని ఊరేనని జోకు వేసి కూర్చోబెట్టండి. క్లాసంతా నవ్వుతుంది, ప్రశ్న చచ్చిపోతుంది.

నిజానికి 12 యాడికీ పోలేదు. పెద్ద తక్కెడలో ఒక పక్క మూడు సమానమైన సెనక్కాయల బస్తాలు, 12 కిలోల విడికాయలు ఉన్నాయి. రెండో పక్క 132 కిలోల రాళ్లు. ముల్లు నిలువుగా ఉంది. విడికాయలు తీసేస్తే ముల్లు ఒరుగుతుంది, కాబట్టి అటు నుంచీ 12 కిలోలు తీయాలి. మిగిలింది 120, బస్తాకు 40. గుర్తు మారలేదు, రెండు పక్కలా ఒకే పని జరిగింది. 1557లో సమాన గుర్తును అచ్చులోకి తెచ్చిన రాబర్ట్ రికార్డ్ రెండు సమాంతర గీతల్ని ఎంచుకున్నదీ వాటికంటే సమానమైనవి వేరే కనబడకే. ఆల్జీబ్రా అన్న మాటకు మూలమైన అరబిక్ 'అల్‌జబ్ర్'కు విరిగినదాన్ని అతికించడమని అర్థం. మైనస్‌తో విరిగిన పక్షాన్ని, రెండువైపులా అంతే కూడి అతికిస్తారు. మనకు తెలిసిన భాషలో పుత్తూరు కట్టు. మనం కట్టు పారేసి చెక్‌పోస్టు పెట్టాం.

నాలుగు. రూలును ధారాళంగా వాడండి. 3x = 120 వచ్చిందా? 3ను పక్క మార్చి, గుర్తు మార్చి, 120 − 3 = 117 అనండి. బస్తాకు 117 కిలోలు. హమాలీకి ఒక నమస్కారం పెట్టండి.

ఐదు. సరిచూడొద్దు. పుస్తకం వెనక జవాబుండగా శ్రమెందుకు?

ఈ సూచన దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. పడమటి కనుమల వానచాటున, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మాది. మా నాయన ప్రతి ఏరువాకకూ క్యాలెండర్ వెనక ఒక సమీకరణం రాసేవాడు. ఇన్ని బస్తాలు, బస్తాకింత ధర, పోను విత్తనం, మందులు, కూలి. దిగుబడి తెలియదు, ధర తెలియదు. సమీకరణం ఒకటే, తెలియనివి రెండు. పైగా రెంటినీ గుణించాలి, అంటే అది రేఖీయమూ కాదు. నాయన రెంటికీ మంచి ఏడాది విలువలు వేసి జవాబు రాబట్టేవాడు. పంట ఇంటికొచ్చాక, నిజంగా వచ్చిన అంకెలు అందులో పెట్టి చూసుకోవడం నేనెన్నడూ చూడలేదు. మిగిలిన అప్పు మరుసటేడు క్యాలెండర్ వెనక పైవరుసకు చేరేది. పక్క మారింది, గుర్తు మారలేదు. నాయనను అనేందుకు నాకు నోరు లేదు. నెల మొదట జీతం లెక్క వేస్తాను, నెలాఖరున ఆ కాగితం వెతకను.

ఆరు. "నాకు లెక్కలు రావు" అని నలుగురిలో నవ్వుతూ చెప్పండి. నూటికి రెండు రూపాయల వడ్డీ నోటిలెక్కన కడుతూనే చెప్పండి.

ఆ సాయంత్రం సిగ్గేసి, మా పిల్లకు నోటుపుస్తకంలో తక్కెడ గీసి చూపించాను. కాసేపు చూసి, "అంటే రెండు పక్కలా తీసేసినామంతేనా? దీనికి రూలెందుకు మామా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మీ ఇంట్లో పిల్లలు "ఎందుకు" అని అడిగితే రూలు అనకండి, తక్కెడ గీయండి. వచ్చిన జవాబును తిరిగి లెక్కలో పెట్టి చూడమనండి. మూడు నలభైలు నూట ఇరవై, పన్నెండు కలిపితే 132. అరనిమిషం పని.