సెట్‌బ్యాక్ వదిలాను, క్షమించండి

గురువారం నాటి బీజేపీ మేనిఫెస్టో కూడా చదివాక ఒక సంగతి తేలిపోయింది. ఈ 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో ఏ పార్టీకీ అక్కర్లేని ఓటరు ఒకడున్నాడు. ప్లాన్ పాస్ చేయించుకుని, ఆ ప్లాన్ ప్రకారమే ఇల్లు కట్టుకున్నవాడు.

మిగతా అందరికీ ఏదో ఒకటి దొరికింది. నవంబర్ 16న, ఎన్నికల నోటిఫికేషన్‌కు సరిగ్గా ఒక్కరోజు ముందు, అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ గారు భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ ప్రారంభించారు. 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 125 గజాల దాకా మేం చూసుకుంటామని బీజేపీ పాట పెంచింది. అనధికార లేఅవుట్‌లో ప్లాటు కొన్నారా? ఫీజు కట్టండి, ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో సక్రమం చేస్తామంది సర్కారు. ఫీజెందుకు, మేమొస్తే ఎల్‌ఆర్‌ఎస్సే రద్దంది కమలం. అక్టోబర్ వరదల సాయమైతే పదివేలు ఒకరు, పాతికవేలు ఒకరు, యాభైవేలు మరొకరు. ఒకటోసారి, రెండోసారి... మూడోసారి సుత్తి దెబ్బ డిసెంబర్ 1న, పోలింగ్ రోజున.

ఈ పాటలో మా వీధి చివరి పెద్దాయనకు దక్కింది సున్నా. వీధిలో ఆయన్ని సెట్‌బ్యాక్ సార్ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రమే ఉంది. ఆయన చేసిన ఘనకార్యం ఇదీ: రెండంతస్తులకు అనుమతి తీసుకుని రెండంతస్తులే కట్టాడు. వీధి ఇంకా తేరుకోలేదు.

అంతటితో ఆగాడా? స్టిల్ట్ పార్కింగ్ అని ప్లాన్‌లో చూపించిన చోట కారు పెట్టాడు. పక్కింట్లో అదే చోట కిరాణా కొట్టుంది, ఎదురింట్లో ట్యూషన్ సెంటరుంది, కార్లన్నీ వీధిలో ఉన్నాయి. ఈయన మాత్రం మూడు వైపులా మీటరున్నర సెట్‌బ్యాక్ ఖాళీ వదిలి, అందులో ఇంకుడుగుంత తవ్వి, చుట్టూ మల్లె అంటు పెట్టాడు. నిబంధన ప్రకారం కార్పొరేషన్‌కు తాకట్టు పెట్టిన పది శాతాన్ని ఇల్లు పూర్తయ్యాక ఓసీ (నివాసయోగ్య పత్రం) తెచ్చుకుని విడిపించుకున్నాడు కూడా. విడుదల పత్రం ఎలా ఉంటుందో గుర్తున్న గుమాస్తా కోసం ఆఫీసులో రెండు అంతస్తులు వెతికారట.

ఫలితం అనుభవిస్తున్నాడు. మనవరాలికి సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు ప్రహరీకీ గోడకీ మధ్య ఖాళీ చూసి ముఖాలు చూసుకున్నారు. ‘ఇంత జాగా ఊరికే వదిలారంటే ఏదో లిటిగేషన్ ఉండుంటుంది’ అని మధ్యవర్తితో కబురంపారు. టౌన్‌ప్లానింగ్ చైన్‌మన్ ఆ ఇంటి ముందు నుంచి తల దించుకుని వెళ్తాడు. పండగ మామూలు అడగడానికి కారణం దొరకని ఇల్లు అదొక్కటే. పక్కింటివాళ్లకైతే ఆయన బతికున్న అవమానం. వాళ్లు ఐదో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కింద ఆయన గాలి పీలుస్తూ కనిపిస్తాడు.

పెద్దాయన తట్టుకోలేక సర్కిల్ ఆఫీసుకు వెళ్లాడు.

‘నన్ను కూడా క్రమబద్ధీకరించండి బాబూ.’

‘ఏం అతిక్రమించారు సార్?’

‘ఏమీ లేదు.’

‘మరి దేన్ని క్రమబద్ధీకరించమంటారు?’

ఆఫీసరు మంచివాడు. కంప్యూటర్‌లో ప్రయత్నించాడు. అతిక్రమణ శాతం అన్న గడిలో సున్నా కొడితే అది తీసుకోలేదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, నెమ్మదిగా చెప్పాడు. ‘పాత భవనాల క్రమబద్ధీకరణ పథకం, అదే బీఆర్‌ఎస్, కోర్టులో నలుగుతోంది. ఇవాళ కాకపోతే రేపు ఇంకోటి వస్తుంది, రాకుండా ఉండదు. అప్పటికి మీరు ఏదో ఒకటి చేసి పెట్టుకోండి. పక్కసందులో రేకుల షెడ్డయినా వేయండి. పాత తేదీతో కరెంటు మీటరుంటే ఇంకా మంచిది. చేతిలో తప్పు లేకుండా వస్తే మేం మాత్రం ఎలా సాయం చేయగలం?’

ఇంటికొస్తే గేటు దగ్గర అభ్యర్థి. వెనక డప్పులు, కండువాలు, ముందు నమస్కారం.

‘పెద్దాయనా, మీ ఇంటి మీద ఒక్క గునపం పడనివ్వం!’

‘నా ఇంటి మీద ఎందుకు పడుతుంది నాయనా? ఓసీ ఉంది.’

అభ్యర్థి రెండు చేతులూ గాలిలోనే ఉండిపోయాయి. పార్టీ శిక్షణలో ఇలాంటి ఓటరు గురించి చెప్పలేదు. అనుచరుడొకడు చెవిలో ఏదో ఊదాడు. అభ్యర్థి సర్దుకుని, ‘అయితే మేం గెలిచాక మీరు పైన ఇంకో రెండు వేసుకోండి, నేనున్నాను’ అని హామీ ఇచ్చి, డప్పులతో సహా ముందుకు కదిలాడు.

ఇలాంటివాళ్లు నగరంలో ఎంతమంది మిగిలారో ఒక సర్వే జరగాలి. మైనారిటీలుగా గుర్తించాలి. డివిజన్‌కు ఒకరు దొరికినా, 2020 నాటి 150 డివిజన్లకు 150 మంది అవుతారు, కనీసం ఒక కార్పొరేషన్ డైరెక్టర్ పదవైనా ఇవ్వచ్చు. వాళ్ల సెట్‌బ్యాక్‌లను వారసత్వ కట్టడాలుగా ప్రకటించి, బడి పిల్లల్ని వరుసగా తీసుకెళ్లి ఇంటికీ గోడకీ మధ్య ఆకాశం చూపించవచ్చు. అయితే ఈ ఊళ్లో వారసత్వ హోదా కూడా ప్రమాదమే. పాత హుడా నిబంధనల్లో ఆ కట్టడాలకు కాపలాగా ఉన్న పదమూడో నిబంధనను 2015లో పీకేశారు. కాబట్టి ఆ ఆలోచన వద్దు. ఆయన్నే ఒక గాజుపెట్టెలో కూర్చోబెట్టి సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం పక్కన పెడదాం. గంటకోసారి బయటికొచ్చి ‘నేను ప్లాన్ ప్రకారమే కట్టాను’ అని చెప్పి లోపలికి వెళ్తాడు. టికెట్టు డబ్బులు వరద సాయానికి.

వరద అంటే గుర్తొచ్చింది. అక్టోబర్ 13 రాత్రి వీధిలో నీళ్లు నిలిస్తే, అవి ఇంకడానికి మట్టి కనిపించింది ఆయన ఇంటి చుట్టూ మాత్రమే. వీధి వీధంతా సిమెంటు. ఐదంతస్తుల నీళ్లు, కిరాణా కొట్టు నీళ్లు, ట్యూషన్ సెంటరు నీళ్లు అన్నీ ఆయన మీటరున్నరలోకే వెళ్లాయి. మల్లె అంటు కుళ్లిపోయింది. ఖాళీ వదిలినందుకు ఊరు ఆయనకు వేసిన జరిమానా అది. రాయితీ లేదు, వాయిదాలు లేవు.

మా వీధిలో మల్లెతో పోయింది. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగిన చోట అలా పోలేదు. అల్ జుబేల్ కాలనీలో అలా పోలేదు. ఆ రాత్రీ, ఆ తర్వాతి రోజుల్లోనూ ఈ నగరంలో పదుల మంది చచ్చిపోయారు. అంతకు ముందు నెలలోనే సైకిల్ మీద వెళ్తున్న ఒక చిన్నపిల్ల నాలాలో పడి శవమై తేలింది. 2000 ఆగస్టులో ఒక్కరోజున 24 సెంటీమీటర్ల వాన పడి ఊరు మునిగితే కిర్లోస్కర్ కమిటీ వేశారు, 2003లో నివేదిక వచ్చింది. నాలాలు వెడల్పు చేయాలని, వాటి మీది కట్టడాలు తీయాలని చెప్పడానికి ఇంకో కమిటీ అక్కర్లేదు. తీశారా? 2007 డిసెంబర్ 31న అక్రమ భవనాలకు జరిమానా కట్టించుకునే బీపీఎస్ తెచ్చారు, ఈ ఒక్కసారికే అన్నారు. 2015లో బీఆర్‌ఎస్ పేరుతో మళ్లీ తెచ్చారు. 2020 ఆగస్టు 31న ఎల్‌ఆర్‌ఎస్ ఇంకోసారి తెచ్చారు, గడువు పొడిగించారు, పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయని మురిసిపోయారు. పాతిక లక్షల ప్లాట్లు పార్కు లేకుండా, సరైన రోడ్డు లేకుండా, మురుగుకాలువ లేకుండా అమ్ముడుపోయాయని ఒక ప్రభుత్వం లెక్క చెబుతూ సిగ్గుపడాలి కదా, ఖజానాకు ఎంతొస్తుందని వేళ్లు మడుస్తుందా?

ఆ ఎల్‌ఆర్‌ఎస్‌లో, ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో కొన్నవాడు దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నారు. కడతాడు. పార్కు వస్తుందా? రాదు. ఆ స్థలం ఎప్పుడో ఇంకొకడికి ప్లాటుగా అమ్ముడైంది, వాడూ 14 శాతం కడతాడు. ఆ ప్లాటును రిజిస్టర్ చేసి స్టాంపు డ్యూటీ తీసుకున్నది ప్రభుత్వమే. కరెంటు మీటరు బిగించింది, నల్లా ఇచ్చింది, ఇంటిపన్ను వసూలు చేసింది. అన్నీ తీసుకున్నాక, నువ్వు అక్రమం, డబ్బు కడితే సక్రమం అంటోంది. రద్దు చేస్తామనే పార్టీ ఆ డబ్బు మాఫీ అంటోందే తప్ప, మునిగే చోట ప్లాటు గీసి అమ్మినవాడి ఊసెత్తదు. ఎత్తదు, ఎందుకంటే వాడు మూడు పార్టీల ఫ్లెక్సీల్లోనూ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

ప్లాటు కొన్న గుమాస్తా పేరు, ఆధార్, ఫోన్ నంబరు అన్నీ దరఖాస్తులో రాయించుకున్నారు. చెరువు శిఖంలో వెంచర్ వేసినవాడి పేరు, దాన్ని చూసీ చూడనట్టు వదిలేసిన టౌన్‌ప్లానింగ్ అధికారి పేరు, రిజిస్ట్రేషన్ చేసిన సబ్‌రిజిస్ట్రార్ పేరు, ఆ రోజుల్లో అక్కడి కార్పొరేటర్ పేరు రాయించుకున్నారా? పాతిక లక్షల సర్వే నంబర్లు ఇప్పుడు సర్కారు కంప్యూటర్లలోనే ఉన్నాయి. పోలింగ్‌కు ముందు డివిజన్ల వారీగా ఆ పేర్లు అచ్చేయండి. ఎవరికి ఓటెయ్యాలో తర్వాత చూసుకుంటాం.