ఒత్తులు కోసిన లోగో

ఎట్టకేలకు మన లలితకళల కళాశాలకు ముఖం వచ్చింది. ఇన్నాళ్లూ చిత్రలేఖనం వాళ్లదొక గుర్తు, శిల్పం వాళ్లదొక గుర్తు. నాటకం వాళ్లకైతే ఆ ఏడు పోస్టరు మీద ఏది గీస్తే అదే గుర్తు. ఇక ఆ గొడవ లేదు. అందరికీ ఒకటే లోగో, ఒకటే రంగు, ఒకటే అక్షరం. బొమ్మలు గీయడం నేర్పే చోటికి బొమ్మ గీసిపెట్టడానికి కన్సల్టెంట్లు విమానం దిగారు. తెర లేచింది: ఒక చతురస్రం, అందులో ఒక వంపు. వంపు సృజన అట, చతురస్రం క్రమశిక్షణ అట. నాకు మాత్రం మూత వంకరగా పెట్టిన టిఫిన్ డబ్బాలా కనిపించింది.

లోగో చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, దాన్ని ఏ రంగు మీద పెట్టకూడదో చెప్పే లావుపాటి నియమావళి కూడా ఇచ్చారు. సరే, పెట్టుకోండి.

నా ప్రాణం తీస్తున్నది అందులోని తెలుగు పేజీ. వరసకీ వరసకీ మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి, అదే కొలత తెలుగుకీ తగిలించారు. మన అక్షరానికి కింద ఒత్తు వేలాడుతుందని, పైన గుడి ఉంటుందని ఆ కొలత తీసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. గేటు దగ్గర బోర్డు చూడండి. పైవరసలో ‘చిత్రలేఖనం’, కిందవరసలో ‘శిల్పకళ’. చిత్రలోని క్రావడి దిగొచ్చి శిల్పం గుడిలో గుచ్చుకుంది. ‘ల్ప’ కింద పావత్తు రేకు అంచుకు సగం తెగిపోయింది.

ఆగస్టు 15 బ్యానర్ ఇంకా ఘోరం. ‘స్వాతంత్ర్యం’లో తకారం కింద రెండు ఒత్తులాయె, అవి పోయి తేదీ నెత్తిన కూర్చున్నాయి. ఇదేంటయ్యా అంటే, ఒత్తులు గ్రిడ్ దాటుతున్నాయి, చిన్నవి చేస్తాం అన్నారట. చేశారు కూడా. ఇప్పుడవి చీమతలకాయలంత ఉన్నాయి. బాపు చేతిరాత ఫాంటై ఊరూరా శుభలేఖలెక్కింది. దాని ఒత్తులు కుదించమని ఏ కమిటీ అడగలేదు.

ఇక వెటకారం నా వల్ల కాదు. ప్రింట్‌మేకింగ్ చదివే ఒక అమ్మాయి లినోలియం చెక్కి, సిరా పూసి, తన ప్రదర్శనకు తనే పోస్టరు అచ్చేసుకుంటే ‘నమూనాలో లేదు’ అని గోడ మీంచి చించేశారు. కళాశాలలో, విద్యార్థి చేతిపనిని! సిగ్గుండాలి. ఆ విభాగంలో ప్రెస్సు రోలరు పాడైపోయి మూలన పడుంది. గెస్ట్ లెక్చరర్లకు నెలల తరబడి జీతాల్లేవు. వీటికి లేని నిధులు చతురస్రానికి ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

ఏకరూపం కావాలంటే 1938 హరిపుర కాంగ్రెస్ చూడండి. గాంధీజీ అడిగితే నందలాల్ బోస్ శాంతినికేతన్ కళాభవన విద్యార్థులను కూర్చోబెట్టుకుని దాదాపు 400 పోస్టర్లు సిద్ధం చేశారు. డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, మల్లయోధులు. ఏ బొమ్మకాబొమ్మ వేరు, అయినా దూరం నుంచి చూస్తే అన్నీ ఒక ఇంటివే. గీసిన చేతులన్నీ ఆ కళాభవనవే కాబట్టి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2012 నవంబరులో ఇలాగే కొత్త గుర్తు బయటపెడితే 50,000కు పైగా సంతకాలు పడ్డాయి, డిసెంబరులో వెనక్కి తీసుకున్నారు. 2022లో అహ్మదాబాద్ ఐఐఎంలో సీదీ సయ్యద్ మసీదు జాలీ గుర్తును మార్చబోతే అధ్యాపకులే బోర్డుకు లేఖ రాశారు. మన దగ్గర అధ్యాపకులు లేఖ రాయాలన్నా కొత్త లెటర్‌హెడ్ మీదే రాయాలి.

ఆ అమ్మాయి పోస్టరు మళ్లీ అంటించండి. గేటు బోర్డు దించి, ఊళ్లో దుకాణాల పేర్లు రాసే పెయింటరును పిలవండి. ఒత్తుకు ఎంత చోటు వదలాలో ఆయనకు తెలుసు. డబ్బులు మాత్రం చేతిలో పెట్టి పంపాలి, గెస్ట్ లెక్చరర్లలా నెలల తరబడి ఊరుకోడు.