రెండో కృష్ణుడు రెడీయేనా?

‘మీరు సీసీ కెమెరాల నిఘాలో ఉన్నారు’ అన్న బోర్డు కనిపిస్తే జనం జుట్టు సర్దుకుంటారు. నాకు మాత్రం, రికార్డు చేసే సర్వరు పడిపోతే దిక్కెవరన్న దిగులు పట్టుకుంటుంది. ఆ సర్వర్లు చూసుకోవడమే నా ఉద్యోగం మరి.

కెమెరా చూస్తుంది, అంతే. దాచేది సర్వరు. సెకనుకి 2 మెగాబిట్లు పంపే కెమెరా ఒక్కటే రోజుకి 21 గిగాబైట్ల పైన కుమ్మరిస్తుంది. అలాంటివి వందుంటే నెలకి 60 టెరాబైట్లు దాటిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టమేమో, జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు 30 రోజుల రికార్డింగు దాచి తీరాలంటుంది. ఇంత బరువూ ఒక్క సర్వరు నెత్తిన పెడితే, అది కూలిన రాత్రే దొంగ వస్తాడు. గోడ మీద కెమెరా వాణ్ణి శుభ్రంగా చూస్తుంది. సాక్ష్యం మాత్రం ఉండదు.

అందుకే ఫెయిలోవర్ క్లస్టర్. ఇదేమిటో మా మామగారికి చెప్పాల్సి వచ్చింది. ఆయనది తెనాలి, పద్యనాటకాల పిచ్చి.

“ఒక సర్వరు పడిపోతే ఇంకోటి అందుకుంటుంది మామయ్యగారూ.”

“ఓస్! ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు. మరి రెండోవాడు వేషం కట్టుకుని తెర పక్కన ఉంటాడా, ఇంట్లో పడుకుంటాడా?”

రెండూ ఉన్నాయన్నాను. వేషంతో ఉంటే హాట్ స్టాండ్‌బై: ఒక్క సర్వరు కోసమే కాచుకుని ఉంటుంది. కోల్డ్ స్టాండ్‌బై అయితే నాలుగైదు సర్వర్లకి ఉమ్మడి మనిషి. కబురందాక కెమెరాల జాబితా చూసుకుని రంగు పూసుకోవాలి. ఆ కాసేపూ రికార్డింగుకి గండే. కెమెరాలోనే మెమరీ కార్డుంటే, తప్పిపోయిన ముక్కని తర్వాత అందులోంచి లాక్కోవచ్చు.

“మొదటివాడు పడిపోయాడని తెలిసేదెలా?”

విండోస్ క్లస్టర్‌లో సర్వర్లు మామూలుగా సెకనుకోసారి ‘ఉన్నాను’ అని చెప్పుకుంటాయి. దాన్ని హార్ట్‌బీట్ అంటారు. వరసగా కొన్ని పలుకులు వినబడకపోతే పోయినట్టే లెక్క.

“వాడు బతికే ఉండి, మధ్యలో వైరు తెగితే?”

మా ఆఫీసులో ఎవరూ అడగని ప్రశ్న! అప్పుడు ఇద్దరు కృష్ణులూ ఒకేసారి స్టేజీ ఎక్కుతారు. ఇద్దరూ ఒకే డిస్కు మీద రాస్తే మొత్తం రసాభాస. అందుకే ‘విట్‌నెస్’ అని మూడో ఓటు పెడతారు. ఆ ఓటు ఎటు పడితే అటువైపే క్లస్టరు.

“హార్మోనిస్టన్నమాట! ఆయన శ్రుతి ఇచ్చినవాడే కృష్ణుడు.”

లినక్స్ క్లస్టర్లలోనైతే అనుమానం వచ్చిన సర్వరుకి ఏకంగా కరెంటే తీసేస్తారని చెబితే, “కిరీటం లాక్కుని పంపడం. న్యాయమే” అని తీర్పిచ్చారు.

ఇంత తెలివిగల ఏర్పాటుకి మనవాళ్లు చేసే మర్యాద చూడాలి. ఒకచోట రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్‌కి తగిలించి ఉన్నాయి. కృష్ణులిద్దరూ ఒకే బండిలో వస్తున్నారు. బండి బోల్తాపడితే నాటకం లేదు. ఒకసారి మొదటి సర్వరు ఆపి చూద్దామంటే అక్కడి మేనేజరు, “బాగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకండీ?” అన్నాడు.

కాబట్టి మీ ఆస్పత్రిలోనో మాల్‌లోనో కెమెరాల బాధ్యుణ్ణి రెండే రెండు అడగండి. రెండో సర్వరుకి కరెంటు ఎక్కణ్ణించి వస్తోంది? మొదటిదాన్ని కావాలని ఆపి చూసింది ఎప్పుడు? రెండో ప్రశ్నకి ఆయన నసిగితే, డబ్బు రెండింటికి కట్టినా మీకున్నది ఒక్క సర్వరే.