నేను ఏం తిని బతుకుతానంటే

నా పేరు హెచ్37ఆర్‌వీ. క్షయ బ్యాక్టీరియాలో ఒక రకాన్ని. 1905లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్‌లో ఎడ్వర్డ్ బాల్డ్విన్ ఒక రోగి నుంచి నన్ను వేరుచేశాడు. 1930లలో విలియం స్టీంకెన్ మా వంశాన్ని రెండు పాయలు చేశాడు. జబ్బు చేసే సత్తా మిగిలిన పాయను నేను. అది పోయినది హెచ్37ఆర్‌ఏ. క్షయ మీద పనిచేసే ల్యాబుల్లో నేను లేనివి తక్కువ. 1998లో నా జన్యువులన్నీ చదివేశారు. సుమారు 4,000 తేలాయి. వాటిలో కొవ్వును తయారుచేయడానికీ కరిగించడానికీ పనికొచ్చేవే 250 దాకా ఉన్నాయి, ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా 50తో సరిపెట్టుకుంటోంది. ఆ లెక్క చూశాకైనా నా ఆకలి దేనిమీదో తెలియాలి. కానీ 1887లో నొకార్డ్, రూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గ్లిసరాల్ వేస్తే మేం ఏపుగా పెరుగుతామని కనిపెట్టారు. ఆనాటి నుంచి ల్యాబు సీసాలో మాకు వడ్డిస్తున్నది చాలామటుకు అదే. సంక్రాంతికొచ్చిన అల్లుడి విస్తరి చూసి, అతని రోజువారీ తిండి ఇదేనని రాసుకున్నట్టుంది వ్యవహారం.

ఊపిరితిత్తిలో మా తిండి వేరు. 1956లో సీగల్, బ్లాక్ అనే పరిశోధకులు ఎలుక ఊపిరితిత్తుల నుంచి మమ్మల్ని నేరుగా బయటికి తీసి, ఒక్కొక్క పదార్థం ఇచ్చి ఎంత ఆక్సిజన్ పీల్చుకుంటామో కొలిచారు. గ్లూకోజ్, గ్లిసరాల్ ఇస్తే మాలో చలనం లేదు. కొవ్వు ఆమ్లం ఇవ్వగానే శ్వాస వేగం అందుకుంది. కొవ్వుతో బతకాలంటే దాని ముక్కల నుంచి శరీర భాగాలు కట్టుకునే అడ్డదారి ఒకటి కావాలి; ఆ దారికి గుమ్మం ఐసోసిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్. మాలో ఒక రకానికి దాని జన్యువులు రెండూ తీసేస్తే ఎలుక ఊపిరితిత్తుల్లో నిలవలేక త్వరగా తుడిచిపెట్టుకుపోయిందని 2005లో తేలింది. మీ కణాల పొరల్లోని కొలెస్టరాల్‌ను కూడా లోపలికి లాక్కుని కాల్చుకుంటామని 2008లో బయటపడింది. నన్ను చంపే ఉపాయం నేనే చెబుతున్నానేమిటని ఆశ్చర్యపోకండి. ఇవన్నీ మీ పత్రికల్లో అచ్చైనవే.

సీసాలో ఏం తింటే ఏమిటి, మందు మందేగా అనేవాళ్లున్నారు. 2010లో ప్రచురించిన ఒక పరిశోధన వాళ్లకు జవాబు. సీసాలో మమ్మల్ని చక్కగా చంపిన కొన్ని రసాయనాలు ఎలుకల్లో ఏ పనీ చేయలేదు. కారణం వెతికితే గ్లిసరాలే దొరికింది. ఆ రసాయనాలు ఉన్నప్పుడు మేం గ్లిసరాల్ తింటే గ్లిసరాల్ ఫాస్ఫేట్ లోపల పేరుకుపోతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అడుగంటుతుంది, చస్తాం. గ్లిసరాల్ లేనిచోట అవి మమ్మల్నేమీ చేయలేవు. దీనికి తిరగేసిన కథ పైరజినమైడ్‌ది. మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన లెడర్లే సంస్థలోనే, ఆయన పోయిన నాలుగేళ్లకు, 1952లో అది వెలుగుచూసింది. ఎలుకల మీద పరీక్షించారు కాబట్టి దొరికింది. ఆమ్లం కలపని మామూలు సీసాలో అది మమ్మల్ని దాదాపు ముట్టుకోదు. తొమ్మిది నెలల చికిత్స ఆరు నెలలకు తగ్గిందంటే అందులో దాని పాత్ర పెద్దది. సీసానే నమ్ముకుని ఉంటే ఆ మందు చెత్తబుట్టలో పడేది.

సీసా నుంచి వచ్చిన మందులు లేవా? ఉన్నాయి, ఈ అభ్యంతరం గట్టిది. స్ట్రెప్టోమైసిన్ సీసాలోదే. బెడాక్విలిన్‌ను కూడా సీసాలోనే, మా దూరపు చుట్టం మీద పరీక్షించి పట్టుకున్నారు. అయితే అవి కొట్టే చోటు చూడండి. స్ట్రెప్టోమైసిన్ ప్రొటీన్ల తయారీని చెడగొడుతుంది. బెడాక్విలిన్ ఏటీపీ తయారుచేసే యంత్రాన్నే ఆపేస్తుంది. కొవ్వు తిన్నా గ్లిసరాల్ తిన్నా ఆ రెండూ లేకుండా మాకు గడవదు. తిండితో సంబంధం లేని చోట కొట్టే మందును సీసా సరిగానే పట్టిస్తుంది. తిండిని బట్టి మారే చోటే మోసపోతారు. లక్షల రసాయనాలను ఎలుకల్లో పరీక్షించడం అయ్యే పని కాదన్నది నిజమే. మా సంఖ్య రెట్టింపు కావడానికే దాదాపు ఇరవై గంటలు పడుతుంది. కానీ అంత అవసరమూ లేదు. సీసాలో వడ్డన మారిస్తే చాలు: కొవ్వు ఆమ్లాలు, కొలెస్టరాల్ వేసి, కాస్త ఆమ్లం కలిపి, ఆక్సిజన్ తగ్గించి చూడొచ్చు.

ఇంకో మాట, ఇది నాకే తగులుతుంది. వందేళ్లకు పైగా సీసాల్లో పెరిగిన నేను మాత్రం అసలు సిసలు క్షయ బ్యాక్టీరియానా? పూర్తిగా కాదు. ఒక ల్యాబులోని నాకూ మరో ల్యాబులోని నాకూ జన్యువుల్లో తేడాలొచ్చాయి. పైగా లోకంలోని క్షయ బ్యాక్టీరియా వంశాల్లో నేను నాలుగోదానికి చెందినదాన్ని. దక్షిణ భారతంలో రోగులను ఎక్కువగా పట్టి పీడించేది మొదటి వంశం. 2023లో లోకంలో కోటీ ఎనిమిది లక్షల మందికి క్షయ జబ్బు వస్తే, వాళ్లలో నూటికి 26 మంది భారతీయులే. కాబట్టి పరిశోధకులారా, సీసాలో తిండి మార్చండి. నా పక్కన మీ ఊరి రోగి కఫంలోంచి తీసిన బ్యాక్టీరియాను కూడా పెట్టి పరీక్షించండి.