నక్క తోక వెనక నాలుగు వారాలు

కెమెరా కొన్నానని చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట, “పెళ్లిళ్లు ఒప్పుకుంటారా?” అని. నక్కల కోసమని చెప్పాను. ఆ పూట కాఫీలో చక్కెర పడలేదు.

బ్యాంకు ఉద్యోగం అయిపోయాక అనంతపురం జిల్లాలో మా నాయన వదిలివెళ్లిన చీనీ తోటకు చేరుకున్నాను. ఒకనాడు పొద్దుగూకే వేళ గట్టు మీద గుంటనక్క కనబడింది. రాత్రిళ్లు ఊళలేసే పెద్ద నక్క కాదు. ఇది పిల్లికి అన్న, కుక్కకు బాగా చిన్న తమ్ముడు. తూకం వేస్తే రెండు మూడు కిలోలు. బూడిద రంగు ఒళ్లు, మొహానికి మించిన చెవులు. తోక మాత్రం ఒంట్లో సగానికి పైనే ఉంటుంది, కొస సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు నల్లగా. సీమదొరల కథల్లో తిరిగే ఎర్రనక్కకు ఆ కొస తెల్లగా ఉంటుంది. 1800లో జార్జ్ షా అనే దొర దీనికి శాస్త్రం పేరు పెడుతూ బెంగాల్ ఖాతాలో జమ చేశాడు. మా మెట్టచేల నక్కకు ఆ సంగతి తెలియదు.

నా సర్వీసులో నాకంటే ముందు ప్రమోషన్ కొట్టిన ప్రతివాణ్ణీ “నక్క తోక తొక్కాడు” అన్నారు. ఇప్పుడు కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నా: పరుగెత్తేటప్పుడు ఆ తోక నేలకు ఆనదు, గాల్లో చక్కగా వెనక్కి సాగుతుంది. తొక్కినవాడెవడో ఒకసారి మా తోటకు రమ్మనండి.

పంచతంత్రంలో కరటక దమనకుల రాజకీయాలు చదువుకున్నవాణ్ణి కదా, ఏదో పెద్ద కుట్రే చూడబోతున్నానని నోట్‌బుక్ తెరిచాను. మొదటి సాయంత్రం రాసుకున్నది ఇదీ: “6.20, మిడత. 6.24, మిడత. 6.31, చెవి గోక్కుంది. 6.33, మిడత.” మర్నాడు కాస్త మార్పు, రేగుపండు తింది. ఎలుకలు, తొండలు, పురుగులు, చెదలు. దాని జిత్తులన్నీ వీటి మీదే. వేరుశెనగ రైతుకు కూలి అడగని ఎలుకల కాపలాదారు. ఇంత పాటుపడే ప్రాణికి జిత్తులమారి అని పేరు పెట్టిన మనం ఎలాంటివాళ్లమో నేను చెప్పను.

మార్చిలో, గట్టు కింద బొరియలో పిల్లలున్నాయని మా తోట కాపలా పెద్దాయన చెప్పాడు. పుట్టిన నెల రోజులకు బయటికొస్తాయట. నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ చూడలేదందట అని సామెత ఉంది కదా. నా కెమెరా కొనీ సరిగ్గా నాలుగు వారాలే, అప్పటికే ఊళ్లో అందరికీ ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతున్నాను. బొరియ దగ్గరికి పోతే తల్లి పిల్లల్ని వేరేచోటికి మార్చేస్తుందని ముప్పై అడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నాను. మోకాళ్లకు అమృతాంజనం రాసుకుని, కెమెరాను బొరియ మూతికి గురిపెట్టి, మూడు సాయంత్రాలు కూర్చున్నాను. దోమలు తప్ప ఎవరూ పలకరించలేదు.

నాలుగోనాడు పెద్దాయన వచ్చి చూసి, “ఏం సామీ, ఒగే బొక్క కాడ కూచోనుండావు? దానికి నాలుగు బొక్కలుండాయి. ఆ మందు వాసనకు అది నువ్వుండే పక్కకు వస్తాదా?” అన్నాడు. మూడు రోజుల ముందే చెప్పొచ్చు కదా అన్నాను. “నువ్వేదో పూజలో ఉండావనుకుంటి” అన్నాడు.

ఇక మనుషుల మీద నమ్మకం మాని, వెనక వేపచెట్టుకు కట్టి ఉంచిన మరో కెమెరా దింపాను. ఎదురుగా వేడి ఒళ్లేదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే రకం అది. చూస్తే మేకలు, కాపలా పెద్దాయన, మళ్లీ మేకలు, లుంగీ సర్దుకుంటున్న నేను. చివరికి, మూడో సాయంత్రం 7.12కి తీసింది ఒకటి. కుర్చీలో ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి బొరియలోకి చూస్తున్నాను. నా వెనక పది అడుగుల్లో తల్లినక్క తోక కాళ్ల చుట్టూ చుట్టుకుని తీరిగ్గా కూర్చుంది. నేను చూస్తున్నవైపే అదీ చూస్తోంది, అక్కడేముందో తెలుసుకోవాలన్నట్టు. దాని పక్కన రెండు జతల చిన్న చెవులు.

మా ఆవిడ ఆ ఫొటోను ఫోన్ మీద పెట్టుకుంది. కావలసినవాళ్లు అడిగితే పంపుతాను. వెలుతురంతా నా బట్టతల మీదే పడింది గానీ, నక్క మాత్రం బాగా వచ్చింది.