అన్‌డిఫైన్డ్ సింబల్ సూత్రమునకు టీకాతాత్పర్యము

మూలము: ఇంపోర్ట్ ఎర్రర్: అన్‌డిఫైన్డ్ సింబల్: పైఇంట్_ఫ్రమ్‌లాంగ్.

అవతారిక: సీనియర్లు వదలిపోయిన పాత ప్రాజెక్టులోని సీ ఎక్స్‌టెన్షనును భద్రాచలమున నొక విద్యార్థి, కరెంటు పోకమునుపే, మూడవ పైథానునకు కట్టి, కంపైలు ముగిసినదని సంతసించి ఇంపోర్టు చేయగా తెరపై సాక్షాత్కరించిన వాక్యమిది.

ప్రతిపదార్థము: ఇంపోర్ట్ = పిలిచి తెచ్చుకొనువేళ; ఎర్రర్ = దోషము; సింబల్ = ఇచట ఫంక్షను పేరు; అన్‌డిఫైన్డ్ = పేరేగాని ఒడలు లేనిది; పైఇంట్_ఫ్రమ్‌లాంగ్ = సీ వారి లాంగ్ సంఖ్యను పైథాను పూర్ణసంఖ్యగా మార్చునట్టిది.

తాత్పర్యము: 2008లో వెలువడిన మూడవ పైథానున పైఇంట్ కుటుంబమంతయు తొలగి పైలాంగ్ కుటుంబమే నిలువగా, ఆ సంగతి యెరుగని పాత కోడును చూచి జీసీసీ యొక వార్నింగు గొణిగి యూరకుండును, దానిని చదువువారెవరు? ఎస్ఓ ఫైలును కట్టు లింకరు, ఎక్కడనో దొరకకపోవునాయని ఆ చోటు ఖాళీగా విడుచును. తుదకు ఆ భారమంతయు లోడరు నెత్తిన పడగా, పాపము, అదియే నోరు విప్పి నిందకు పాత్రమగును. 2024 నాటి జీసీసీ 14 మాత్రము ఆ గొణుగుడును దోషముగనే యెంచి మొదటనే నిలిపివేయుచున్నది.

విశేషము: ఈ న్యాయము భద్రాచలవాసులకు క్రొత్తది కాదు. 2014లో పట్టణమును రామాలయమును తెలంగాణమున నిలిచి, చుట్టుపట్ల గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోగా, దేవస్థానపు కాగితములలో పేరున్న భూమి పురుషోత్తపట్నమున, అనగా సరిహద్దు కావల, ఉన్నది. కాగితము చదివినంతసేపు లోపమేమియు కానరాదు. పొలముగట్టు మీదికి వెళ్ళినపుడే చిక్కు తెలియును.

పూర్వపక్షము: పైథానును సమూలముగ తీసివేసి మరల ఇన్‌స్టాలు చేయవలెనని కొందరందురు. ఈ మతము గ్రాహ్యము కాదు. మరల వచ్చునదియు మూడవ పైథానే గదా! మైనస్ ఎల్ఎమ్ చేర్చవలెనని మరికొందరు. అది కాస్, సైన్ వంటి గణితనామములు దొరకనపుడు చెల్లును. శ్లోకమున పదమెచటనున్నను అన్వయము కుదురును గాని, ఉబుంటులో మైనస్ ఎల్ఎమ్‌ను ఆబ్జెక్టు ఫైలునకు ముందుంచినచో, అప్పటికి దాని యవసరము కానరాదు గావున, లింకరు దానిని జారవిడుచును.

సిద్ధాంతము: ఎస్ఓ ఫైలుపై ఎన్ఎమ్ మైనస్ డీ నడుపవలెను. యూ అను అక్షరము ముందున్న పేర్లన్నియు దోషములు కావు. పైఆర్గ్_పార్స్‌టపుల్ వంటివానిని ఇంటర్‌ప్రెటరే సమకూర్చును. పైఇంట్, పైస్ట్రింగ్ అను పూర్వనామములనే పట్టి, మొదటిదానిని పైలాంగ్_ఫ్రమ్‌లాంగ్‌గ దిద్ది, పాత బిల్డు ఫోల్డరును తుడిచి మరల కట్టవలెను. లోడరు మొదటి లోటును చెప్పియే నిలుచునది గావున, ఒక్కటే దిద్దినవానికి పైస్ట్రింగ్_ఫ్రమ్‌స్ట్రింగ్ అను రెండవ మూలము వెంటనే దర్శనమిచ్చును. దానిని పైబైట్స్ అని మార్చవలెనా, పైయూనికోడ్ అని మార్చవలెనా యను నెడ వ్యాఖ్యాతలకు ఏకవాక్యత లేదు.