కొండ చెట్టును కుండీలో ఎండబెట్టు విధానం

బోన్సాయ్ అని ఫోన్లో వెతికితే ముందుగా కనిపించే వాటిలో చైనా ఎల్మ్ ఒకటి. చిన్న ఆకు, వంకర మాను, చూడ్డానికి వందేళ్ల ముసలి. అది మన ఎండల చెట్టు కాదు. అయినా దిగులక్కర్లేదు. దాని కుటుంబంలోదే అయిన నెమలినార మన ఎండు అడవుల్లో, పాత రోడ్ల పక్కన ఉంది. కొందరు నాలి చెట్టంటారు. కొండల మీద గాలికీ మంచుకూ గిడసబారిన చెట్లను తవ్వి తెచ్చి కుండీలో బతికించడం జపాన్‌లో పాత విద్య. దాన్ని యమదోరి అంటారు. అక్కడ ఒక్కో చెట్టును తాత నుంచి మనవడి దాకా సాకుతారు. మనకంత తీరిక ఎక్కడిది? శనివారం సాయంత్రం బుద్ధి పుట్టి, ఆదివారం మధ్యాహ్నానికల్లా బాల్కనీలో ముసలి చెట్టు ఉండాలనుకునే తిరుపతి, చిత్తూరు వాసుల కోసం ఈ చిట్కాలు.

1. చోటు

శేషాచలం తప్ప మరో చోటు తలపెట్టకండి. అక్కడి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు 1989లో ఏర్పడింది, విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. అందులో ఒక చెట్టు తగ్గితే లెక్కపెట్టేదెవరు? 2010లో ఈ కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. సరుకు మంచిదని ప్రభుత్వమే పూచీ ఇచ్చినట్టు భావించండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులులకూ ఏనుగులకూ సంబంధించిందని గట్టిగా నమ్మండి. జాతీయ పార్కులో చెట్టూ చేమా కదపకూడదని కూడా అందులో ఉంది కానీ, అంత దూరం చదివేవాళ్లు తక్కువ.

ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసే టాస్క్‌ఫోర్స్ వాళ్లు ఎదురైతే ఏం చెప్పాలో ముందే సాధన చేసుకోండి.

"యాడికి సామీ, గడ్డపార ఎత్తుకోని?"

"బోన్సాయ్ కోసం అన్నా."

"అదేం దుంగ?"

ఇక్కడ నవ్వకూడదు.

నెమలినార దొరక్కపోతే చేతికందింది పెరకండి. ఈత మొక్కలా ఉండే సైకస్ బెడ్డోమి అయితే మరీ మేలు. తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కొండల్లో తప్ప అది లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో అది అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలో ఉంది. మీ అపార్టుమెంటులో అలాంటిది ఇంకెవరికీ ఉండదు, అడవిలో కూడా ఉండకుండా పోయే రోజు దగ్గర పడుతుంది.

మామిడి తోట పెట్టడానికి జేసీబీతో గట్లు చదును చేయించే రైతును అడిగితే ఎటూ పెరికేసే మొద్దును ఊరికే ఇచ్చేస్తాడు. దగ్గరుండి బండికి ఎత్తిస్తాడు కూడా. అడిగి తెచ్చుకోవడంలో సాహసం లేదు కాబట్టి ఆ దారి వద్దు.

2. ఎంపిక

చంద్రగిరి చుట్టుపక్కల బీళ్లలో మేకలు ఏళ్ల తరబడి చిగుళ్లు కొరికి కొరికి మోకాలెత్తులోనే ముదరబెట్టిన చింత, కలివి, రేగు మొక్కలు కనిపిస్తాయి. పొట్టి మాను, దగ్గర దగ్గర కొమ్మలు, చిన్న ఆకు. బోన్సాయ్ పనిలో సగం మేకలే చేసిపెట్టాయన్నమాట. మేకలు చేసిన పనికి మీకు పేరు రాదు, వదిలేయండి.

కరెంటు స్తంభంలా నిటారుగా, కింద ఎంత లావో పైనా అంతే లావున్న చెట్టును చూసుకోండి. మొదట్లో లావుగా ఉండి పైకి పోను పోను సన్నబడాలని, వేళ్లు నేలమీద నాలుగు వైపులా పరుచుకొని కనిపించాలని పుస్తకాలు చెబుతాయి. అవేమీ చూడకుండా మీటరెత్తున అడ్డంగా కోసేస్తే సరి. నెమలినార ఆకు నాలుగైదు అంగుళాల పొడవుంటుంది. ఏళ్ల తరబడి చిగుళ్లు తుంచి, కొమ్మల మీద కొమ్మలు వేయిస్తే తప్ప అది చిన్నదవదు. మీటరు చెట్టుకు ఆరు ఆకులు చాలనుకుంటే ఆ శ్రమ కూడా తప్పుతుంది.

3. అదను

నెమలినార చలికాలంలో ఆకు రాలుస్తుంది. ఆకులేని చెట్టుకు నీటి ఖర్చు తక్కువ. దాచుకున్న తిండి మానులోనూ వేళ్లలోనూ ఉంటుంది. ఎండాకాలపు చిగురుకు ముందు, ఆ నిద్రలోనే తవ్వాలని తెలిసినవాళ్లంటారు. వాళ్ల మాట వినకుండా మే నెల దాకా ఆగండి. అప్పుడు చెట్టు నిండా ఆకులుంటాయి, ఫొటో బాగా వస్తుంది. తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన రోజు చూసుకొని మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టండి.

4. తవ్వకం

ఓపికున్నవాడు ఈ ఏడు చెట్టు చుట్టూ సగం వలయం తవ్వి, ఆ వైపు వేళ్లు కోసి, గుంతను ఇసుకతో పూడ్చి పోతాడు. కోసినచోట పీచువేళ్లు పుట్టాక, మరుసటి ఏడు మిగతా సగం తవ్వుతాడు. నీళ్లు తాగేది ఆ పీచువేళ్లే, తల్లివేరు కాదు. చెట్టును పెళ్లగించేది మూడో ఏడు, అదీ మట్టిగడ్డతో సహా తడి గోనెసంచిలో చుట్టి.

మీకు గంట చాలు. గడ్డపారతో తల్లివేరు నరికి, గుంజి, మట్టంతా దులపండి. బరువు తగ్గుతుంది. తర్వాత వేళ్లు గాలికి వేలాడేలా బైకు వెనక కట్టండి. తలకోన నుంచి తిరుపతికి యాభై కిలోమీటర్ల పైనే. భాకరాపేట ఘాట్ దిగేసరికి పీచువేళ్లు ఎండి వాటంతటవే విరిగిపోతాయి. కత్తిరించే పని తప్పినట్టే.

5. మట్టి, నీళ్లు

కుండీ లోతు తక్కువగా, మెరుస్తూ, అడుగున రంధ్రం లేకుండా ఉండాలి. లేకపోతే నీళ్లు కారి టైల్స్ పాడవుతాయి. జల్లించిన ముతక ఇసుక, ఇటుక ముక్కలు, సన్న కంకర కలిపితే నీళ్లు నిలవవు, వేళ్లకు గాలి ఆడుతుంది. అది మేస్త్రీ పనిలా కనిపిస్తుంది కాబట్టి, చెరువు ఒండ్రులో పచ్చి పేడ కలిపి దట్టించండి. గుప్పెడు యూరియా వేయండి. కొత్త వేళ్లు రాకముందే ఎరువు వేస్తే చెట్టు ఎలా స్పందిస్తుందో మీరే చూస్తారు. పూటకో బిందె నీళ్లు పోసి, ఏసీ హాల్లో టీవీ పక్కన పెట్టండి.

6. తీగ

తవ్విన చెట్టును మొదటి ఏడంతా కదపకుండా, కొమ్మ తుంచకుండా, పల్చటి నీడలో వదిలేయాలట. ఏడాది పాటు అతిథులకేం చూపిస్తారు? అదే రాత్రి సెంట్రింగ్ పనివాళ్ల బైండింగ్ వైరుతో కొమ్మలన్నీ బిగించి వంచండి. అల్యూమినియం తీగ మెత్తగా ఉండి బెరడు మీద అంత తొందరగా గాటు పెట్టదు, మీ పనితనం గుర్తుండిపోదు. వేళ్లు వచ్చాయో లేదో రెండు రోజులకోసారి మానును పైకి లాగి చూడండి.

7. చిగురు

రెండు మూడు వారాల్లో చిగురు రావచ్చు. ఇదే అసలు ఘట్టం. వేరు పట్టలేదు. మానులో దాచుకున్న చివరి తిండితో చెట్టు వేసే చిగురది. ఆ తిండి అయిపోగానే చిగురూ వాడుతుంది, మానూ ఎండుతుంది. ఈ సంగతి కొనేవాళ్లందరికీ తెలియదు. కనుక చిగురు లేతగా ఉండగానే ఫొటో తీసి, వయసు మీ ఇష్టం వచ్చినంత రాసి, అమ్మకానికి పెట్టండి. ఇంట్లోనే ఉంచుకుంటే మాత్రం గోటితో బెరడు గీరి లోపల పచ్చగా ఉందో లేదో చూడకండి. ఎండాక దిష్టి మీదకు నెట్టేసి, మళ్లీ ఆదివారం రాగానే కొండెక్కండి.

8. ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనివి

తిరుపతిలో పాత మిద్దెలు కూల్చేచోట గోడ పగుళ్లలో మొలిచిన రావి, జువ్వి ఉంటాయి. మట్టి లేక గిడసబారినవి, కోసినా మళ్లీ చిగిర్చే మొండివి. ఇంటివాళ్లు తీసుకుపొమ్మనే చెబుతారు. తీసుకోవద్దు. కడియం నర్సరీల్లో కొనవద్దు. మైసూరు గణపతి సచ్చిదానంద ఆశ్రమంలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ వనానికి వెళ్లవద్దు. కుండీలో చెట్లు నిజంగా బతుకుతాయని తెలిస్తే మన పద్ధతి మీద అనుమానం వస్తుంది.

ముఖ్యంగా, వేసవి గాలికి నెమలినార కింద రాలే గుండ్రటి రెక్కల గింజలు ఏరి తేవద్దు. తాజా గింజ చల్లితే మొలుస్తుంది. ఏటా వేళ్లు కత్తిరిస్తూ, చిగుళ్లు తుంచుతూ పెంచితే పదిహేను ఇరవై ఏళ్లకు మాను తిరుగుతుంది. అంతవరకు మీ దగ్గర చూపించుకోవడానికి ఏమీ ఉండదు, బతికున్న మొక్క తప్ప.